మందుల జోడింపు, మనిషి ఋణం: అరుదైన కణితుల ఔషధ పరీక్షలలో సమ్మతి – ఒక నైతిక పరిశీలన

సారాంశం

న్యూరోఎండోక్రైన్ కణితుల వంటి అరుదైన వ్యాధులకు రెండు మందులను జోడించి పరీక్షించేటప్పుడు రోగి ఇచ్చే సమ్మతికి నైతికంగా ఏ విలువ ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సమ్మతి అవసరమే గాని అది ఒక్కటే చాలదనీ, రోగి దేహం వల్ల జ్ఞానాన్ని పొందిన సమాజం అతనికి ఋణపడుతుందనీ, ఆ ఋణాన్ని తీర్చే బాధ్యత పరీక్షలో అంతర్భాగమనీ ప్రతిపాదిస్తుంది. తెలుగు సమ్మతి పత్రాల భాష ఈ ఋణాన్ని ఎలా కప్పిపుచ్చగలదో, ఎలా వెల్లడి చేయగలదో గుత్తి ప్రాంత జీవన సందర్భాన్ని ఆధారం చేసుకొని చర్చిస్తుంది.

కీలక పదాలు: సమ్మతి, పరీక్ష, ప్రయోగం, ఋణం, న్యూరోఎండోక్రైన్ కణితి, మందుల జోడింపు.

1. ఉపోద్ఘాతం

వేరుశనగ సాళ్ల నడుమ కంది సాలు విత్తడం గుత్తి ప్రాంతపు మెట్టసేద్యంలో బాగా తెలిసిన పద్ధతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వర్షం కురిసే అనంతపురం పీఠభూమిలో ఏ వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో చెప్పలేం. వేరుశనగ నాలుగు నెలలలో చేతికి వస్తుంది. కంది అంతకంటె ఎక్కువ కాలం నిలిచి, వేరును లోతుకు దింపి, ఆలస్యంగా పడిన వానను కూడా వాడుకొంటుంది. ఒక పంటను దెబ్బతీసిన కరవు రెండో పంటను అదే తీరున దెబ్బతీయదన్నది ఈ జోడింపు వెనుక ఉన్న తర్కం.

కాన్సర్ వైద్యంలో మందులను జోడించడం వెనుక ఉన్నదీ ఇటువంటి తర్కమే. ఒక మందును తట్టుకొని బతికిన కణం, వేరే మార్గంలో పనిచేసే రెండో మందుకు లొంగవచ్చు. అయితే ‘లొంగవచ్చు’ అన్నది ఊహ. ఆ ఊహ నిజమో కాదో తేలాలంటే పరీక్షించాలి. పొలంలోనైతే పక్కపక్కన రెండు మడులు తీసుకొని, ఒకదానిలో వేరుశనగ మాత్రమే, మరొకదానిలో వేరుశనగతో పాటు కంది విత్తి ఫలితాన్ని పోల్చవచ్చు. అనంతపురం సమీపంలోని రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల మెట్టపంటల పరిశోధన జరిగే తీరు ఇదే. ఒక మడిలో పంట పోతే మరుసటి ఏరువాకకు మళ్లీ విత్తుకోవచ్చు. దేహానికి మరుసటి ఏరువాక లేదు.

ఔషధ పరీక్షలోని నైతిక సమస్య అంతా ఈ ఒక్క భేదంలో ఇమిడి ఉంది. తన దేహాన్ని పరీక్షకు ఇచ్చిన రోగికీ, ఆ పరీక్ష వల్ల పుట్టిన జ్ఞానాన్ని అనుభవించే వారికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటి? రోగి సంతకంతో ఆ సంబంధం పూర్తవుతుందా? ఈ ప్రశ్నలు వైద్యనీతికి మాత్రమే పరిమితమైనవి కావు. సమ్మతి మాటల ద్వారానే జరుగుతుంది. ఇక్కడి రోగికి ఆ మాటలు తెలుగు మాటలు. కనుక భాషాసాహిత్యాల అధ్యయనానికి కూడా ఈ చర్చలో చోటున్నదని ఈ వ్యాసకర్త భావన.

2. అరుదుతనం తెచ్చే చిక్కు

శరీరంలో హార్మోన్లను విడుదల చేస్తూ నాడీకణాల లక్షణాలను కూడా కలిగిన కణాలు పేగులు, క్లోమం, ఊపిరితిత్తులు మొదలైన అవయవాలలో చెదురుగా ఉంటాయి. వాటిలో పుట్టే కణితులే న్యూరోఎండోక్రైన్ కణితులు. 1907లో జర్మన్ వైద్యుడు సీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డార్ఫర్ పేగులలోని ఇటువంటి కణితులకు ‘కార్సినాయిడ్’ అని పేరు పెట్టాడు. కాన్సర్‌ను పోలినదే గాని కాన్సర్ అంత తీవ్రం కానిదని ఆ పేరుకు అర్థం. వీటిలో కొన్ని ప్రాణాంతకంగా వ్యాపించగలవని తరువాత స్పష్టమైంది. సినీనటుడు ఇర్ఫాన్ ఖాన్ 2018లో తనకు ఈ వ్యాధి ఉన్నట్లు ప్రకటించినప్పుడు, ఆయన 2020 ఏప్రిల్‌లో మరణించినప్పుడు ఈ వ్యాధి పేరు భారతీయ పత్రికలలో విస్తృతంగా వినిపించింది.

ఈ కణితులలో కొన్ని అధికంగా హార్మోన్లను విడుదల చేస్తాయి. అప్పుడు ముఖం ఉన్నట్టుండి ఎర్రబారి వేడెక్కడం, తరచూ విరేచనాలు కావడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. గుత్తి ఎండలలో పనిచేసే ఒక వ్యవసాయ కూలీకి ఈ లక్షణాలు వస్తే వాటిని వడదెబ్బగానో, తిండి పడకపోవడంగానో తలచడం సహజం. వ్యాధి అరుదైనదైనప్పుడు రోగికే కాదు, దగ్గరలోని వైద్యునికి కూడా అది మొదట తోచదు. తోచిన తరువాత బెంగళూరుకో, హైదరాబాదుకో, వేలూరుకో ప్రయాణం మొదలవుతుంది. గుత్తి రైలు జంక్షన్, 44వ నంబరు జాతీయ రహదారి ఆ ప్రయాణాన్ని సాధ్యం చేస్తాయి గాని సులభం చేయవు.

అమెరికాలో ఏడాదికి లక్ష మందిలో ఈ కణితులు బయటపడేవారి సంఖ్య 1973లో సుమారు 1.09 కాగా, 2012 నాటికి 6.98కి పెరిగింది. పరీక్షా సాధనాలు మెరుగుపడటం దీనికి ఒక ముఖ్య కారణం. అయినప్పటికీ ఈ కణితులు పుట్టే అవయవాన్ని బట్టి, పెరిగే వేగాన్ని బట్టి అనేక రకాలుగా చీలిపోతాయి. ఏ ఒక్క రకాన్ని తీసుకొన్నా రోగుల సంఖ్య తక్కువే. క్లోమపు కణితులకు స్ట్రెప్టోజోసిన్ ఒక్కటి ఇవ్వడం మేలా, దానికి ఫ్లోరోయురాసిల్‌ను జోడించడం మేలా అని అమెరికాలో పోల్చి 1980లో ప్రకటించిన పరీక్షలో పాల్గొన్నవారు 84 మంది. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత, అదే దేశంలో టెమోజోలమైడ్‌ను ఒంటరిగానూ, కెపెసిటబీన్‌తో కలిపీ పోల్చిన పరీక్షలో పాల్గొన్నవారు 144 మంది.

ఈ అంకెల నైతికార్థం గమనించదగినది. వేలమంది పాల్గొనే పరీక్షలో ఒక వ్యక్తి తప్పుకొంటే ఫలితం మారదు. నూట నలభై నలుగురిలో ఒకరు తప్పుకొంటే ఆ లోటు తెలుస్తుంది. అంటే వ్యాధి ఎంత అరుదైతే ఒక్కొక్క రోగి దేహం ఇచ్చే జ్ఞానం అంత విలువైనది. దానితో పాటు ‘మీరు చేరకపోతే ఈ పరీక్షే జరగదు’ అన్న ఒత్తిడి కూడా రోగిపై అంతే పెరుగుతుంది. అరుదుతనం రోగి విలువను పెంచుతూనే అతని స్వేచ్ఛను కుదించగలదు.

3. జోడింపు చరిత్రలో ఒక తెలుగువాని పాత్ర

మందుల జోడింపు అనే ఆలోచన కాన్సర్ వైద్యంలో వేళ్లూనిన తీరును గమనిస్తే ఈ ఋణం ఎటువంటిదో అర్థమవుతుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో సాగించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వెలువడ్డాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, వారిలో పదిమందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ మెరుగుదల తాత్కాలికం. వ్యాధి తిరిగి వచ్చింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించాడు.

ఒక్క మందు చాలదన్న పాఠం ఆ పిల్లల ద్వారానే లోకానికి తెలిసింది. క్షయవ్యాధిలో ఒకే మందుకు సూక్ష్మజీవి అలవాటు పడిపోతుందని, రెండు మందులు కలిపితే అలా జరగడం తగ్గుతుందని ఆ కాలంలోనే రుజువైంది. 1960ల ఆరంభంలో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్‌లు మెథోట్రెక్సేట్‌తో సహా నాలుగు మందులను కలిపి పిల్లలకు ఇచ్చారు. ఒక్కొక్కటే విషతుల్యమైన మందులను నాలుగింటిని ఒకేసారి పసిపిల్లలకు ఇవ్వడం క్రూరమని తోటి వైద్యులలో అనేకులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. అయినా, పిల్లల రక్తకాన్సర్ నేడు చాలావరకు నయం కాగల వ్యాధి కావడానికి ఆ బాటే దారి తీసింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంది. సుబ్బారావు పేరు మనకు తెలుసు. ఫార్బర్ పేరు తెలుసు. ఆ పదహారు మంది పిల్లలు మాత్రం మన స్మృతిలో ఒక అంకెగా మిగిలారు. జ్ఞానం కనుగొన్నవాని పేరిట చరిత్రకెక్కుతుంది. ఎవరి దేహంలో అది కనుగొనబడిందో వారి పేరిట ఎక్కదు. వారి పేర్లు గోప్యంగా ఉంచడం న్యాయమే. కాని పేరును గోప్యంగా ఉంచడం వేరు, ఋణాన్ని మరచిపోవడం వేరు.

4. తెలియకపోవడమే పరీక్షకు ఆధారం

‘వ్యాధి ఇంత అరుదు, రోగికి సమయం ఇంత తక్కువ. అటువంటప్పుడు రెండు మందులూ కలిపి ఇచ్చేయక, సగం మందికి ఒకటే ఇచ్చి పోల్చడం ఎందుకు?’ అన్నది సహజమైన ప్రశ్న. కరుణ నుంచి పుట్టిన ప్రశ్న కూడా. దీనికి సమాధానం 1987లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ ప్రతిపాదించిన సమస్థితి భావనలో ఉంది. ఏ చికిత్స మేలైనదో నిపుణుల సమాజంలో నిజంగా అనిశ్చయం ఉన్నప్పుడే రోగులను రెండు వర్గాలుగా విభజించడం న్యాయం. ఒకటి మేలని తెలిసి ఉండీ విభజిస్తే అది ద్రోహం.

పైన పేర్కొన్న 144 మంది పరీక్షనే తీసుకొందాం. టెమోజోలమైడ్ ఒక్కటే వాడినవారిలో వ్యాధి ముదరకుండా నిలిచిన మధ్యస్థ కాలం 14.4 నెలలు. రెండూ కలిపి వాడినవారిలో 22.7 నెలలు. జోడింపు గెలిచింది. అయితే తీవ్రమైన దుష్ఫలితాలు కూడా జోడింపు పొందినవారిలో సుమారు రెట్టింపు. మొత్తం ఆయుర్దాయంలో కనిపించిన తేడా గణాంకపరంగా నిర్ణయాత్మకం కాలేదు. అంటే, లభించిన ఎనిమిది నెలల నెమ్మదికి చెల్లించిన మూల్యమేమిటో పరీక్ష జరిగితేనే తెలిసింది. పరీక్ష లేకుండా కరుణతో అందరికీ రెండూ ఇచ్చి ఉంటే మేలు వైద్యుని ఖాతాలోకి, కీడు రోగి తలరాతలోకి పోయి ఉండేది. రోగి పడే బాధను లెక్కలోకి తెచ్చిన విధానంగా పరీక్షకు నైతిక గౌరవం ఉంది.

ప్రతి పరీక్షా ఇంత స్పష్టంగా తేలదు. ఎవెరోలిమస్‌ను ఆక్ట్రియోటైడ్‌తో జోడించి 429 మందిపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో జోడింపు వైపు మొగ్గు కనిపించింది. ముందుగా నిర్ణయించుకొన్న గణాంక ప్రమాణాన్ని మాత్రం అది స్వల్పమైన తేడాతో అందుకోలేదు. ఆ 429 మంది శ్రమ వృథా అయిందా? కాలేదు. తేలలేదని తెలియడం కూడా జ్ఞానమే. కాని ఆ జ్ఞానం పాల్గొన్నవారి దాకా వెళ్లిందా అన్నది మరొక ప్రశ్న. గెలిచిన పరీక్షల కంటె తేలని పరీక్షలలోనే ఈ ప్రశ్న ఎక్కువ బరువైనది. ఎందుకంటే అక్కడ రోగికి దక్కగలిగింది ఆ సమాచారం ఒక్కటే.

5. మాట దగ్గర మొదలయ్యే చిక్కు

పరీక్షలో చేరిన రోగులు అది తమకోసమే రూపొందించిన చికిత్స అని నమ్మడాన్ని 1982లో పాల్ అపెల్‌బామ్, లోరెన్ రాత్, చార్లెస్ లిడ్జ్‌లు ‘చికిత్సాభ్రాంతి’ అనదగిన పేరుతో వర్ణించారు. ఆంగ్లం చదివిన రోగులలోనే ఈ భ్రాంతి ఉన్నదని గుర్తుంచుకోవాలి. తెలుగులో దీనికి భాషాపరమైన కారణాలు కూడా తోడవుతాయి.

‘పరీక్ష’ అన్న మాటను చూద్దాం. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, కంటిపరీక్ష అనే సమాసాల ద్వారా ఇది ఆసుపత్రిలో రోగికి ఇదివరకే పరిచయం. వాటన్నిటిలో పరీక్షకు లోనయ్యేది రోగి దేహం, ప్రయోజనం పొందేదీ అతడే. ‘ఔషధ పరీక్ష’ అన్నప్పుడు పరీక్షకు లోనయ్యేది మందు. ఫలితం ప్రధానంగా రాబోయే రోగులకు. ఒకే మాట రెండు విరుద్ధమైన సంబంధాలను సూచిస్తున్నది. పోనీ ‘ప్రయోగం’ అందామా? వాడుకలో ఆ మాటకు చేతబడి అనే అర్థచ్ఛాయ ఉంది. ‘ఎవరో ప్రయోగం చేయించారు’ అనే పల్లెలో ‘మీపై ఈ మందు ప్రయోగిస్తాం’ అన్న మాట భయాన్ని పుట్టిస్తుంది. మొదటి మాట లేని భరోసానిస్తే, రెండోది లేని భయాన్నిస్తుంది.

సమ్మతికి ఉన్న మాటలు కూడా గమనింపదగినవి. ‘సమ్మతి’లో కలిసి తలచడం ఉంది. ‘అంగీకారం’లో ఒకదానిని తనలో భాగంగా చేసుకోవడం ఉంది. పల్లెవాడుకలోని ‘ఒప్పుకోలు’లో మాత్రం సరేననడంతో పాటు తప్పును ఒప్పుకోవడమనే అర్థం కూడా ఉంది. ‘ఒప్పుకొని సంతకం పెట్టావు కదా’ అన్న మాటలో ఈ రెండో అర్థం తొంగిచూస్తుంది. కలిసి తలచవలసిన చోట రోగి ముద్దాయి వలె నిలబడతాడు.

ఇక వాక్యనిర్మాణం. ఇటువంటి పత్రాలలో వాడే ధోరణికి నమూనాగా ఒక వాక్యాన్ని కల్పించుకొందాం: ‘మీరు రెండు వర్గాలలో ఒకదానికి యాదృచ్ఛికంగా కేటాయించబడతారు.’ కర్మణి ప్రయోగం తెలుగు వాడుకకు సహజం కాదని మనం తరగతి గదులలో చెబుతూనే ఉన్నాం. ఇక్కడ అది శైలీదోషం మాత్రమే కాదు, నైతికదోషం కూడా. కర్తను దాచడం వల్ల, ఎవరో తెలిసినవారు తనకు తగినది ఎంచి కేటాయిస్తున్నారని రోగి అనుకొంటాడు. నిజానికి ఎవరూ ఎంచరు. దాన్నే ఇలా చెప్పవచ్చు: ‘రెండు మందులు కలిపి ఇస్తే మేలో, ఒక్కటే ఇస్తే మేలో మాకు తెలియదు. తెలుసుకోవడానికే మిమ్మల్ని అడుగుతున్నాం. మీకు ఏది వస్తుందో చీటీ తీసినట్టు తేలుతుంది. డాక్టరు ఎంచడు.’ ఇందులో ఒక్క పారిభాషిక పదం లేదు, చెప్పవలసింది ఏదీ మిగలలేదు.

మాట మరుగున ఏమి జరగగలదో తెలుగునేలకు అనుభవమే. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ నిరోధక టీకాలు వేశారు. పదేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల వయసు గల ఆ బాలికలలో ఎందరో గిరిజన వసతిగృహాలలో చదివేవారు. అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల అధికారులు సంతకాలు చేశారు. కార్యక్రమాన్ని 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. అక్కడ సంభవించిన బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేదని ప్రభుత్వ విచారణ భావించింది. అయినా సమ్మతి సేకరించిన తీరును పార్లమెంటరీ స్థాయీసంఘం 2013 నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. నిర్వాహకులు దానిని పరీక్ష అనలేదు, ప్రదర్శన కార్యక్రమం అన్నారు. ఆ పేరు వల్లనే పరీక్షకు వర్తించే కట్టుబాట్లు దానికి వర్తిస్తాయా లేదా అన్న వివాదం పుట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలు కాన్సర్ మందు పరీక్షలో పాల్గొన్న ఉదంతం వెలుగులోకి వచ్చినప్పుడు, డబ్బు అవసరం సమ్మతి రూపం ధరించగలదని తేలింది. ఒకచోట పేరు, మరొకచోట పేదరికం సమ్మతిని లోపలి నుంచి ఖాళీ చేశాయి.

6. ఋణభావన, దాని అపాయం

సమ్మతి ఎంత స్పష్టమైనా చాలదని చెప్పడానికి ఇప్పుడు ఆధారం ఏర్పడింది. సమ్మతి ఒక ద్వారం. లోపలికి వచ్చిన వానికి ఏమి బాకీ ఉన్నామో అది చెప్పదు. హాన్స్ జోనస్ 1969లో మానవులపై ప్రయోగాలను గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఇటువంటి త్యాగానికి ముందుగా పూనుకోవలసింది దాని లక్ష్యాన్ని బాగా ఎరిగినవారు, నిరాకరించే స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నవారు అని వాదించాడు. పేదలు, నిస్సహాయులు వరుసలో చివరివారు కావాలి. వాస్తవంలో వరుస తరచు తలకిందులవుతుంది. మందు కొనలేనివానికి పరీక్షే మందుకు ఉన్న ఏకైక దారి అయినప్పుడు అతడు ముందుకు వస్తాడు.

మన సంప్రదాయంలో దీనికి ఆలంబనం కాదగిన భావన ఋణం. మనిషి మూడు ఋణాలతో పుడతాడన్న భావన తైత్తిరీయ సంహితలో ఉంది. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషిఋణం అధ్యయనంతో తీరుతాయి. ఆ వచనం బ్రాహ్మణుని ఉద్దేశించి చెప్పినదే అయినా, ఋషిఋణంలోని తత్త్వాన్ని ఆ పరిధికి బంధించనవసరం లేదు. మనకు తెలిసినదంతా ముందువారు కష్టపడి తెలుసుకొన్నది. దానిని చదివి, కాపాడి, అందించడమే తిరిగి చెల్లించడం. ఈ దృష్టితో చూస్తే బోస్టన్‌లోని పదహారు మంది పిల్లలు, క్లోమపు కణితుల పరీక్షలోని నూట నలభై నలుగురు వైద్యవిద్యకు ఋషిస్థానీయులు. వారు సిద్ధాంతాలు చెప్పలేదు. తమ దేహాలలో జరిగినదాన్ని జరగనిచ్చారు.

అయితే ఈ భావనను గుత్తి ప్రాంతానికి తెచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. కరవు సీమలో ఋణం అమాయకమైన మాట కాదు. అక్కడ ఋణమంటే అప్పు. విత్తనాలకు, బోరుకు, ఆసుపత్రికి చేసిన అప్పు. అనంతపురం జిల్లాలో రైతుల ఆత్మహత్యల వెనుక ఆ మాట నీడ ఉంది. అటువంటి చోట ‘సమాజానికి మీరు ఋణపడి ఉన్నారు, కనుక పరీక్షలో చేరండి’ అనడం ఋణభావనను తలకిందులు చేయడమే. అంతకంటె సూక్ష్మమైన అపాయం మరొకటి ఉంది. ఉచితంగా మందు ఇచ్చి, ఆదరంగా మాట్లాడిన వైద్యునితో రోగి ‘అయ్యా, మీ ఋణం తీర్చుకోలేను’ అంటాడు. అది మర్యాద, మనఃపూర్వకం కూడా. ఆ మాట అన్నవాడు ఇక ‘నేను తప్పుకొంటాను’ అనలేడు. దుష్ఫలితాన్ని చెప్పడానికి కూడా మొహమాటపడతాడు. కృతజ్ఞతే అతన్ని కట్టివేస్తుంది.

కనుక ఈ వ్యాసం ప్రతిపాదించే ఋణానికి దిశ ముఖ్యం. సమ్మతి జరిగే గదిలో అప్పు తీసుకొంటున్నది రోగి కాదు, వైద్యవిజ్ఞానం. ఋణదాత రోగి. ఈ దిశ తారుమారైనచోట ఎంత పకడ్బందీ పత్రమైనా న్యాయం చేయలేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉండవచ్చు. నష్టపరిహారం చట్టంలో ఉంది కదా, ఇక ఋణమనే భావోద్వేగం ఎందుకు? పరిహారం హాని జరిగినప్పుడు హానికి చెల్లించేది. హాని జరగకపోయినా జ్ఞానం పుట్టింది. దానికి చెల్లింపు ఏది? డబ్బు ఇచ్చి సరిపెడదామంటే పిడుగురాళ్ల అనుభవం ఎదుట నిలుస్తుంది. జ్ఞానంగా తీసుకొన్నదాన్ని జ్ఞానంగా, చికిత్సగా తిరిగి ఇవ్వడమే తగిన చెల్లింపు.

7. ఋణం తీరే తీరు

2019 మార్చిలో వెలువడిన నూతన ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమావళిలో ఈ దిశగా కొన్ని అంశాలున్నాయి. విడివిడిగా ఆమోదం పొందిన మందులను నిర్ణీత పాళ్లలో తొలిసారి ఒకటిగా కలిపినా దానిని కొత్త మందుగానే అది పరిగణిస్తుంది. పరీక్షలో రోగికి మేలు చేసిన మందును పరీక్ష ముగిసిన తరువాత కూడా అతనికి అందుబాటులో ఉంచడమనే భావనకు అందులో స్థానం ఉంది. దేశంలో ఐదు లక్షల మందికి మించని వ్యాధులకు వాడే మందులను అది ప్రత్యేకంగా గుర్తిస్తుంది. కొత్త రసాయనంతో జరిపే పరీక్షలలో నిస్సహాయ వర్గాలవారి సమ్మతిని దృశ్యశ్రవ్య రూపంలో నమోదు చేయాలంటుంది. ఇవన్నీ మంచి మెట్లు. కాని దృశ్యశ్రవ్య యంత్రం రోగి తల ఊపడాన్ని నమోదు చేయగలదు గాని అతనికి అర్థమైనదాన్ని నమోదు చేయలేదు.

చట్టం చెప్పని మూడు చెల్లింపులను ఇక్కడ ప్రస్తావించవచ్చు. మొదటిది, ఫలితాన్ని రోగికి లేదా అతని కుటుంబానికి వారి భాషలో తెలియజేయడం. గెలిచినా, ఓడినా, తేలకపోయినా ఆ ఉత్తరం వెళ్లాలి. రెండోది, దుష్ఫలితాల బరువును పంచుకోవడం. కెపెసిటబీన్‌ను పధ్నాలుగు రోజులు, టెమోజోలమైడ్‌ను పదో రోజు నుంచి పధ్నాలుగో రోజు దాకా, ఇరవై ఎనిమిది రోజులకొక ఆవృత్తిగా ఇస్తారు. రెండూ మింగే మందులే కనుక రోగి ఇంటి వద్దనే వాడవచ్చు. కాని తెల్లకణాలు పడిపోయి రాత్రివేళ జ్వరం వస్తే గుత్తికి ఆవలి పల్లెలో ఉన్న రోగికి మహానగరంలోని పరీక్షాకేంద్రం అందదు. దగ్గరలోని ఆసుపత్రిని ముందుగానే సిద్ధం చేయని పరీక్ష, రోగిని పొలం గట్టున వదిలివెళ్లినట్టే. మూడోది, రుజువైన మందు ధర. 2012లో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు సోరాఫెనిబ్ అనే కాన్సర్ మందు విషయంలో తప్పనిసరి లైసెన్సు లభించినప్పుడు, నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలున్న ధర 8,880 రూపాయలకు దిగింది. ధర అనేది ప్రకృతి నియమం కాదని, అది మనుషుల నిర్ణయమని ఆ ఉదంతం చూపింది. పరీక్షకు దేహమిచ్చిన వాని పొరుగువాడు ఆ మందు కొనలేకపోతే ఋణం తీరనట్టే.

ఈ చెల్లింపులలో మొదటిది ముఖ్యంగా భాషకు సంబంధించినది. సమ్మతి పత్రాలను తెలుగు చేయడం నేడు ఎక్కువగా అనువాద వ్యాపారపు పని. పదానికి పదం పెట్టి, తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూసుకొంటే సరిపోతుందని అక్కడ భావిస్తారు. అర్థం తిరిగి ఆంగ్లంలోకి వెళ్లగలగడం కాదు, గుత్తిలోని రోగి మనసులోకి వెళ్లగలగడం గీటురాయి కావాలి. తెలుగు శాఖలు ఈ పనిలో పాలుపంచుకోవచ్చు. మాండలిక పదజాలం, వాక్యనిర్మాణం, అర్థచ్ఛాయలపై మనకున్న శిక్షణ ఉపయోగపడే చోట్లలో ఇది ఒకటి.

8. ముగింపు

తెలుగుకు ఉన్న ఒక వ్యాకరణ విశేషంతో ఈ చర్చను ముగించవచ్చు. ఆంగ్లంలో ఒకే సర్వనామం చెప్పేదానికి మనకు ‘మేము’, ‘మనము’ అని రెండున్నాయి. వినేవానిని కలుపుకొనేది ఒకటి, విడిచేది ఒకటి. సమ్మతి అడిగే వైద్యుడు ఈ రెండింటిలో ఏది వాడాలన్నది వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు. ‘మాకు తెలియదు’ అని అతడు చెప్పాలి. ఎందుకంటే తెలిసి ఉండవలసిన బాధ్యత అతనిది. అక్కడ ‘మనకు తెలియదు’ అంటే ఆ అజ్ఞానాన్ని రోగి నెత్తిన కూడా పెట్టినట్టవుతుంది. ‘తెలుసుకొందాం’ అని రోగిని కలుపుకొని చెప్పాలంటే మాత్రం, తెలిసినది రోగి దాకా తిరిగి రావాలి. ఫలితం చెప్పకుండా, మందు అందించకుండా, జ్వరం వచ్చిన రాత్రి తోడు నిలవకుండా ‘మనం’ అనడం అసత్యం.

సమ్మతి ఆ మాటను అడిగే హక్కునిస్తుంది. ఋణం తీర్చడం దానిని అనే అర్హతనిస్తుంది. అరుదైన వ్యాధితో, దూరపు ఊరి నుంచి, చీటీలో ఏది వస్తే దానికి సిద్ధపడి వచ్చిన మనిషి ముందు ఆ అర్హతను సంపాదించుకోవడమే ఔషధ పరీక్ష ఎదుర్కొనే అసలు పరీక్ష.